మోసుకెళ్లడానికి ఒకటి, దాచుకోవడానికి ఒకటి

అర్ధసంవత్సర పరీక్షలకు ఇంకా వారం ఉంది. పొద్దున్నే బడి కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ పెట్టాను. 'ఈ డిస్క్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి' అని ఇంగ్లీషులో ఒక పెట్టె తెర మీదికి వచ్చింది. బయట ప్రార్థన గంట కొడుతున్నారు. తొమ్మిదో తరగతి ప్రశ్నపత్రం ప్రింటు తీసి జిరాక్సుకు పంపాలి. ఏం చదివానో, ఎందుకు నొక్కానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నొక్కేశాను. అర నిమిషంలో పెన్‌డ్రైవ్ తెరుచుకుంది, కడిగిన పలకలాగా.

16 జీబీ పెన్‌డ్రైవ్ అది. హోసూరు దగ్గరి మా తెలుగు మాధ్యమం బడిలో నలుగురు ఉపాధ్యాయులం ఏడేళ్లుగా రాసుకున్న సైన్సు, సోషల్, లెక్కల ప్రశ్నపత్రాలు అందులో ఉన్నాయి. ఇప్పుడు ఎక్కడా దొరకని పాత తెలుగు వాచకాలను పేజీ పేజీగా స్కాన్ చేసినవి ఉన్నాయి. వీటన్నిటి కింద 'అవ్వ పాటలు' అనే ఫోల్డరు ఒకటి ఉండేది. ఏడో తరగతి పిల్లవాడి అవ్వ, రాగులు విసురుతూ పాడుకునే తొమ్మిది పాటలను వాళ్ల ఇంటి పంచలో కూర్చుని నా ఫోన్లో రికార్డు చేశాను. అది చేసిన రెండేళ్లకు ఆమె పోయింది. ఆ పాటలు వచ్చినవాళ్లు ఆ ఊళ్లో ఇంకెవరూ లేరు.

పోర్టబుల్ హార్డ్‌డిస్క్ మంచిదా, పెన్‌డ్రైవ్ మంచిదా, మెమరీ కార్డు చాలదా అని తల్లిదండ్రుల సమావేశాల్లో తరచూ అడుగుతుంటారు. కొత్తగా చేరిన ఉపాధ్యాయులు కూడా అడుగుతారు. కంప్యూటర్ దుకాణం వాళ్లు చెప్పే జవాబు ధరను బట్టి, వేగాన్ని బట్టి ఉంటుంది. ఆ రోజు తర్వాత నా జవాబు మారింది. అందుకే ఈ వ్యాసం.

మనకు ఎందుకు ఎక్కువ నష్టం

ఇంగ్లీషు మాధ్యమం బడిలో ఒక పాఠం వీడియో పోతే మళ్లీ దించుకుంటారు. పదో తరగతి మాదిరి ప్రశ్నపత్రం పోతే బజారులో నాలుగు రకాల గైడ్లు దొరుకుతాయి. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో చదివే పిల్లలకూ తెలుగులో కావలసినంత సామగ్రి ఉంది, కానీ అది వాళ్ల పాఠ్యప్రణాళిక ప్రకారం రాసింది. తమిళనాడు పాఠ్యప్రణాళికను తెలుగులో చదివే పిల్లవాడికి, కర్ణాటక పాఠ్యప్రణాళికను తెలుగులో చదివే పిల్లకు గైడు ఎవరు వేస్తారు? కొనేవాళ్లు కొన్ని వందల మంది. ఏ ప్రచురణకర్తకూ గిట్టుబాటు కాదు. కాబట్టి ఉపాధ్యాయులే రాత్రిళ్లు కూర్చుని అనువాదం చేస్తారు, టైపు చేస్తారు, తప్పులు దిద్దుతారు. అలా తయారైన ప్రతి కాగితానికీ లోకంలో ఉన్నది ఒకటే ప్రతి. అది ఉన్నది ఎవరి జేబులోని పెన్‌డ్రైవ్‌లోనో.

ఆ పెన్‌డ్రైవ్ ఎంత నమ్మకమైనదో నాకు అప్పటిదాకా తెలియదు.

ఫార్మాట్ చేసినంత మాత్రాన అన్నీ పోవని తర్వాత తెలిసింది. మామూలు క్విక్ ఫార్మాట్‌లో పోయేది విషయసూచిక ఒక్కటే. పుస్తకంలో మొదటి పేజీలు చించేసినట్టు అనుకోండి. పాఠాలు లోపలే ఉంటాయి, ఏది ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలియదు, అంతే. ఆ ఖాళీలో కొత్తవి రాస్తేనే పాతవి చెరిగిపోతాయి. నేను చేసింది సరిగ్గా అదే. 'పోయింది ఎలాగూ పోయింది' అనుకుని ఆ మధ్యాహ్నమే అదే పెన్‌డ్రైవ్‌లోకి ఆరు జీబీల వీడియోలు ఎక్కించాను, ఎనిమిదో తరగతికి చూపించాలని. ఆదివారం దుకాణానికి తీసుకుపోతే అక్కడి అబ్బాయి తల పట్టుకున్నాడు. "ఫార్మాట్ చేసినప్పుడే బయటికి లాగేసి, ఏమీ రాయకుండా తెచ్చి ఉంటే దాదాపు అన్నీ వచ్చేవి సార్" అన్నాడు.

ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ అబ్బాయి సగానికి పైగా ఫైళ్లు బయటికి తీశాడు. పేర్లు లేవు, వరస అంకెలే. ఏది ఏ తరగతిదో తెలుసుకోవడానికి దసరా సెలవుల్లో దాచిపెట్టుకున్న ఓపికంతా సంక్రాంతి సెలవుల్లో ఖర్చయింది. పాటలు మాత్రం ఒక్కటీ రాలేదు.

పెన్‌డ్రైవ్ లోపల

పెన్‌డ్రైవ్‌లో తిరిగే భాగం ఏదీ లేదు. ఒక చిప్పు, దాన్ని నడిపే ఇంకో చిన్న చిప్పు. మొదటి దానిలో కోట్ల సంఖ్యలో సూక్ష్మమైన గదులు ఉంటాయి. ప్రతి గదిలోనూ కొంచెం విద్యుదావేశాన్ని బంధించి ఉంచుతారు. ఎంత ఆవేశం ఉందన్నదాన్ని బట్టి సమాచారం. తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఓకా అనే జపాన్ ఇంజినీరు 1980లలో కనిపెట్టిన ఈ ఫ్లాష్ మెమరీయే నేటి పెన్‌డ్రైవ్‌కూ, మెమరీ కార్డుకూ, ఎస్‌ఎస్‌డీకీ మూలం. 2000లో మార్కెట్లోకి వచ్చిన తొలి పెన్‌డ్రైవ్‌లలో పట్టింది 8 ఎంబీ. ఈనాటి ఫోన్లో తీసిన రెండు మూడు ఫొటోలకు సరిపోతుంది.

ఈ గదుల్లో ఎన్నిసార్లయినా రాసి చెరపవచ్చు అనుకుంటాం. లెక్క ఉంది. చిప్పు నాణ్యతను బట్టి కొన్ని వందల సార్ల నుంచి కొన్ని వేల సార్ల దాకా. ఆపైన గది ఆవేశాన్ని పట్టి ఉంచలేదు. వాడకుండా డ్రాయరులో ఏళ్ల తరబడి పడేసినా ఆ ఆవేశం కొద్దికొద్దిగా కారిపోతుంది, వేడిలో ఇంకా తొందరగా. కాబట్టి 'వాడకపోతే పాడవదు' అన్నది దీనికి వర్తించదు. చవకరకం పెన్‌డ్రైవ్‌లలో ఏ రకం చిప్పు వేశారో పైన పేరు చూసి చెప్పలేం.

ఇంకో సంగతి, ఇది చెప్పకుండా పోతుంది. నిన్న సాయంత్రం తెరుచుకుంది, ఈ రోజు పొద్దున తెరుచుకోదు. నా పెన్‌డ్రైవ్ విషయంలో మాత్రం చిప్పు తప్పు లేదని ఆ అబ్బాయి చెప్పాడు. ముందు రోజు ఎవరో ఫైలు ఎక్కుతుండగానే 'ఎజెక్ట్' నొక్కకుండా లాగేశారు. విషయసూచిక రాస్తున్న మధ్యలో కరెంటు ఆగిపోయినట్టయింది. ఎవరో అన్నాను గాని, ఆ రోజు చివరగా గది తాళం వేసింది నేనే.

పల్లె బడుల్లో పెన్‌డ్రైవ్‌కు ఇంకో రోగం ఉంది, షార్ట్‌కట్ వైరస్. జిరాక్సు దుకాణంలో పెట్టి తెస్తే అన్ని ఫోల్డర్లూ షార్ట్‌కట్‌లుగా మారి కనిపిస్తాయి. భయపడి ఫార్మాట్ చేసేస్తారు. చాలాసార్లు ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాగి ఉంటాయి. ఆ షార్ట్‌కట్‌లను నొక్కకుండా, విండోస్‌లో వ్యూ మెనూకు వెళ్లి హిడెన్ ఐటమ్స్ మీద టిక్కు పెడితే బయటపడవచ్చు. వైరస్ దాచిన తీరును బట్టి ఒక్కోసారి ఇది చాలదు, తెలిసినవాళ్లకు చూపించాలి. ఫార్మాట్ మాత్రం ఆఖరి మాట. ప్రింటు కోసం దుకాణానికి పంపేటప్పుడు ఆ ఒక్క కాగితం మాత్రమే ఉన్న వేరే చిన్న పెన్‌డ్రైవ్ పంపడం మేం ఇప్పుడు అలవాటు చేసుకున్నాం.

అయిదువందలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ అని అమ్మేవి కూడా ఉన్నాయి. దయచేసి కొనకండి. లోపల ఉండేది ఏ 16 జీబీయో 32 జీబీయో చిప్పు. కంప్యూటర్ అడిగినప్పుడు 2 టీబీ అని అబద్ధం చెప్పేలా దాన్ని తయారు చేస్తారు. అసలు చోటు నిండాక కూడా ఫైళ్ల పేర్లు, సైజులు చక్కగా కనిపిస్తూనే ఉంటాయి. తెరిస్తే తెరుచుకోవు. మా బడిలో ఒక తండ్రి కూతురి పెళ్లి ఫొటోలు అలాంటిదాంట్లో పెట్టి పోగొట్టుకున్నాడు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డ్రైవ్‌ను పూర్తిగా నింపి, మళ్లీ చదివి, నిజమో అబద్ధమో చెబుతుంది. కొన్న రోజే, ఏమీ ఎక్కించకముందే ఈ పరీక్ష చేయాలి.

హార్డ్‌డిస్క్ సంగతి

పోర్టబుల్ హార్డ్‌డిస్క్ లోపల అద్దంలా మెరిసే పలకలు ఉంటాయి. వాటి మీద అయస్కాంతపు పూత. ఆ పలకలు సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, సన్నని చేయి చివర ఉన్న హెడ్ వాటిని తాకకుండా పైన తేలుతూ చదువుతుంది, రాస్తుంది. హెడ్‌కూ పలకకూ మధ్య ఎడం మన వెంట్రుక మందంలో పదివేల వంతుల్లో ఒక వంతు కూడా ఉండదు. తిరుగుతున్నప్పుడు బల్ల మీద నుంచి పడితే ఏమవుతుందో పిల్లలకు వివరించనక్కరలేదు. ఆపి ఉన్నప్పుడు హెడ్ పక్కకు తప్పుకుని ఉంటుంది, అందుకే సంచిలో తీసుకెళ్లవచ్చు. అయినా పెన్‌డ్రైవ్‌లాగా తాళంచెవుల గుత్తికి కట్టుకుని తిరిగే వస్తువు కాదు.

దీని పూర్వీకుణ్ణి 1956లో ఐబీఎం తయారు చేసింది. రెండడుగుల వెడల్పున్న 50 పలకలు, టన్ను దాకా బరువు. అంతా కలిపి పట్టింది సుమారు 5 ఎంబీ. అవ్వ పాట ఒకటి పట్టేదన్నమాట. ఈ రోజు అరచేతిలో ఇమిడే పెట్టెలో 1 టీబీ అంటే అలాంటివి రెండు లక్షలు.

కొన్న కొత్తలో ఒక అనుమానం అందరికీ వస్తుంది. పెట్టె మీద 1 టీబీ అని ఉంటుంది, కంప్యూటర్‌లో 931 జీబీ అని చూపిస్తుంది. దుకాణంవాడు మోసం చేయలేదు. తయారీదారు వెయ్యితో లెక్కపెడతాడు, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఘాతాంకాలు చెప్పేటప్పుడు ఈ లెక్క ఇచ్చి చూడండి, బాగా పట్టుకుంటారు.

మరి మన బడికి ఇంత చోటు కావాలా? నిజం చెప్పాలంటే పుస్తకాలకు అక్కరలేదు. రెండు వందల పేజీల వాచకాన్ని శుభ్రంగా స్కాన్ చేస్తే పేజీకి ఒక ఎంబీ చొప్పున 200 ఎంబీ. అలాంటివి 50 పుస్తకాలైనా 10 జీబీ. ఎంపీ3గా దాచిన పాటలు గంటకు 60 ఎంబీ మించవు. చోటు తినేది వీడియో. ఫోన్లో మంచి నాణ్యతతో తీసిన గంట పాఠం ఏడెనిమిది జీబీ ఉంటుంది. 2020లో బడులు మూతపడినప్పుడు మేం ఇళ్ల గోడలకు నల్లబల్లలు తగిలించి తీసిన పాఠాలు ఇప్పటికీ పనికొస్తాయి. కానీ చాలామంది దగ్గర మిగిలింది వాట్సాప్‌లో పంపిన నకలు మాత్రమే. వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని నొక్కి చిన్నది చేస్తుంది, బల్ల మీది అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. అసలు వీడియోను ఫోన్ నుంచి నేరుగా హార్డ్‌డిస్క్‌లోకి దించుకోవడం అన్నిటికన్నా మేలు.

నా ఉద్దేశంలో హార్డ్‌డిస్క్ కొనడానికి అసలు కారణం చోటు కాదు. దాన్ని ఎవరూ జేబులో వేసుకుని పోరు. జిరాక్సు దుకాణానికి పంపరు. పిల్లల చేతికివ్వరు. బీరువాలో ఉంటుంది. మా మొరసునాడు రైతులు విత్తనపు రాగులు, తిండి రాగులు ఒకే గోనెలో పోయరు. తిండిగింజల గోనెలో అందరూ చేయి పెడతారు. విత్తనం మూటను ఏడాదికోసారే దించుతారు. మేం పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే రెండు పనులకూ వాడాం.

పాడయ్యే తీరులో కూడా తేడా ఉంది. హార్డ్‌డిస్క్ చాలాసార్లు ముందే గుర్తులిస్తుంది. టక్ టక్ అని చప్పుడు, ఫైలు తెరవడానికి ఎక్కువ సేపు పట్టడం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాని ఆరోగ్యాన్ని రంగుల్లో చూపిస్తుంది. నీలం ఉన్నంతకాలం ఫరవాలేదు, పసుపు వస్తే ఆ రోజే నకలు తీసుకోవాలి. అలాగని ఎప్పుడూ చెప్పే పోతుందని కాదు. వారంటీ రెండేళ్లో మూడేళ్లో ఇస్తారు. పోతే కొత్త పెట్టె ఇస్తారు, లోపలి పాఠాలు ఇవ్వరు.

వేగం గురించి ఒక మాట. 100 జీబీ వీడియోలు ఎక్కించాలంటే చవక పెన్‌డ్రైవ్‌కు సెకనుకు 10 ఎంబీ చొప్పున రెండున్నర గంటలు దాటుతుంది. కొత్త కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్‌కు పావుగంట చాలు. మా బడిలో ఉన్నవి పాత కంప్యూటర్లు, వాటికి యూఎస్‌బీ 2.0 పోర్టులే ఉన్నాయి. అందులో ఎంత మంచి డిస్క్ పెట్టినా ముప్పావుగంట పడుతుంది. పోర్టు లోపల నీలం రంగు ఉంటే సాధారణంగా అది 3.0. ఎస్‌ఎస్‌డీ కొనాలనుకునే బడులు ముందు ఆ రంగు చూసుకోవాలి. పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ కింద పడినా తట్టుకుంటుంది, హార్డ్‌డిస్క్ కన్నా ఎన్నో రెట్లు వేగం. కానీ అదే చోటుకు ధర బాగా ఎక్కువ. పైగా లోపల ఉన్నది ఫ్లాష్ చిప్పే. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పెట్టడానికి నేను దాన్ని ఎంచుకోను. రోజూ వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు మంచిది.

మెమరీ కార్డు గురించి చెప్పేది ఎక్కువ లేదు. ఫోన్లో పెట్టుకోవడానికే. గోరంత ఉంటుంది, ఊడ్చినప్పుడు చెత్తలో పోతుంది.

బీరువాలో సీడీలు, ఫ్లాపీలు

పాత బడుల బీరువాల్లో సీడీల దొంతరలు ఉంటాయి. సీడీలో 700 ఎంబీ, డీవీడీలో 4.7 జీబీ పడతాయి. ఒకసారి రాసినదాన్ని మళ్లీ చెరపలేం కాబట్టి వైరస్ తగలదు, నాలాంటివాడు ఫార్మాట్ నొక్కినా ఏమీ కాదు. ఆ మేలు ఇంకే సాధనానికీ లేదు. అయితే ఇంట్లో రాసుకునే సీడీల్లో సమాచారం ఒక రంగుపూత మీద ఉంటుంది. ఎండకు, తేమకు ఆ పూత దెబ్బతింటుంది. సముద్రపు గాలి తగిలే యానాంలో, బరంపురం వైపు బడుల్లో ఉన్నవాళ్లు వాటిని ముందుగా బయటికి తీసి చూసుకోవడం మంచిది. ఇప్పటి లాప్‌టాప్‌లలో సీడీ పెట్టే అరే ఉండదు. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి నాలుగు బడులు కలిసి కొనుక్కుంటే చాలు. ఉన్నవన్నీ హార్డ్‌డిస్క్‌లోకి దించి, సీడీలను కూడా అలాగే ఉంచండి.

ఫ్లాపీ కథ వేరు. మా బడిలో నాకు ముందు పనిచేసి రిటైరైన తెలుగు పండితులు ఒకాయన పది ఫ్లాపీలు ఇచ్చారు. ఒక్కోదానిలో 1.44 ఎంబీ. సంధులు, సమాసాల మీద తమిళం, కన్నడం వాతావరణంలో పెరిగిన పిల్లలకు ఎలా చెప్పాలో ఆయన రాసుకున్న పాఠాలవి. ఫ్లాపీ డ్రైవ్ కోసం బెంగళూరులో పాత సామాన్ల బజారంతా తిరిగాం. దొరికింది. పదిలో ఏడు చదివింది. సంతోషంగా ఫైలు తెరిస్తే తెర నిండా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు.

కారణం ఫాంటు. ఆ రోజుల్లో డీటీపీ సెంటర్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లతో టైపు చేసేవారు. ఆ ఫాంటు కంప్యూటర్‌లో లేకపోతే తెలుగు కనిపించదు. యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దొరికింది, విండోస్‌లో గౌతమి ఫాంటు ఎక్స్‌పీతో వచ్చింది, కానీ మన వాడకంలోకి అది రావడానికి చాలా ఏళ్లు పట్టింది. డిస్క్ బతికింది, భాష చదవరాకుండా పోయింది. ఆ పాత ఫాంటు ఏదో పండితులవారికి గుర్తులేదు. టైపు చేసినవాడు ఇప్పుడు డీటీపీ మానేసి వేరే వ్యాపారం చేస్తున్నాడు. ఆయన్ని వెతికి పట్టుకుని ఫాంటు పేరు తెలుసుకుని, యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ముక్కాలు వంతు సరిగ్గా వచ్చింది. ఒత్తులు, సున్నాలు చేత్తో దిద్దుకున్నాం.

అందుకని ఏ డిస్క్ కొన్నా సరే, పాత ఫాంట్లలో ఉన్న ప్రతి ఫైలుకూ పక్కనే ఒక పీడీఎఫ్ దాచండి. యూనికోడ్‌లో టైపు చేయడం అలవాటు చేసుకోండి. ఈ పని డిస్క్ కొనడం కన్నా ముందు చేయవలసింది.

నెట్‌లో దాచుకుంటే సరిపోదా అని కుర్ర ఉపాధ్యాయులు అంటారు. దాచాలి, తప్పకుండా. గూగుల్ ఖాతాకు 15 జీబీ ఉచితం, మన పుస్తకాలకు, ప్రశ్నపత్రాలకు అది చాలు. కాకపోతే ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉంది? ఎవరి ఫోను నంబరుకు ఓటీపీ వస్తుంది? ఉన్న హెచ్‌ఎం బదిలీ అయినా, రిటైరైనా తాళంచెవి ఆయనతో వెళ్లిపోతుంది. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు కూడా. బడి పేరుతో ఖాతా తెరిచి, ఇద్దరి నంబర్లు ఇచ్చి, పాస్‌వర్డు కాగితం మీద రాసి రికార్డుల బీరువాలో పెట్టండి.

మేం ఇప్పుడు చేస్తున్నది

ఫొటోగ్రాఫర్లలో ఒక లెక్క ఉంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మా తల్లిదండ్రుల సంఘం సమావేశంలో ఈ లెక్క చెబితే ఒక రైతు లేచి, "విత్తనాలు మా అన్నదమ్ములం కూడా రెండిళ్లలో పెడతాం సార్, ఇల్లు కాలితే ఎట్లా?" అన్నాడు. నేను పావుగంట చెప్పింది ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. ఆ సమావేశంలోనే చందా వేసుకుని రెండు హార్డ్‌డిస్క్‌లు కొన్నారు. రెండూ ఒకే రకం, ఒకే రోజు కొనవద్దని దుకాణం అబ్బాయి చెప్పాడు. ఒకే విడతలో తయారైనవైతే ఒకే లోపం రెండిటికీ ఉండవచ్చట. అందుకని వేర్వేరు కంపెనీలవి, రెండు నెలల తేడాతో కొన్నాం.

ఒకటి హెచ్‌ఎం బీరువాలో ఉంటుంది. ఇంకొకటి పక్క ఊళ్లో ఒక తల్లి దగ్గర, వాళ్ల ఇంటి చెక్కపెట్టెలో, పాత చీరల మధ్య. నెలకోసారి, మొదటి శనివారం, ఆమె తెస్తుంది. బీరువాలోనిది ఆమెతో వెళ్తుంది, ఆమె తెచ్చింది కొత్త ఫైళ్లతో నిండి బీరువాలో ఉంటుంది. రెండు డిస్క్‌లూ ఒకేసారి ఒకే కంప్యూటర్‌కు తగిలించవద్దని నియమం పెట్టుకున్నాం. పిడుగుపాటుకో వైరస్‌కో రెండూ ఒకేసారి పోకూడదు కదా. ఏ రోజు ఏమెక్కించామో చేతిరాత రిజిస్టరులో రాస్తాం.

కొనేవాళ్లకు చిన్న చిన్న సంగతులు కొన్ని. కేబులు ఒకటి అదనంగా కొనిపెట్టుకోండి. చాలా హార్డ్‌డిస్క్‌లకు ఉండే వెడల్పాటి మూతి ఫోను చార్జరు కేబులుకు సరిపడదు, పోతే పల్లెలో వెంటనే దొరకదు. తరగతి గది టీవీలో వీడియో ఆడకపోతే డిస్క్ పాడైందనుకోకండి. చాలా టీవీలు ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి, ఆ పద్ధతిలో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు ఎక్కదు. పెద్ద వీడియోను రెండు ముక్కలు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. పిల్లల ఆధార్, కుల ధ్రువపత్రాల నకళ్లు పాఠాల డిస్క్‌లో పెట్టకండి, వాటికి పాస్‌వర్డు ఉన్న వేరే డ్రైవ్ ఉండాలి.

డబ్బు లేదనే బడులకు ఒక దారి ఉంది. తమిళనాడులో 2011 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన లాప్‌టాప్‌లు మన పిల్లల ఇళ్లలో ఎన్నో మూలపడి ఉన్నాయి. బ్యాటరీ పోయి, తెర పగిలి ఉంటాయి. వాటి లోపలి హార్డ్‌డిస్క్ చాలాసార్లు ఇంకా పనిచేస్తుంటుంది. దాన్ని తీసి, కొన్ని వందల రూపాయలకు దొరికే పెట్టెలో అమర్చితే పోర్టబుల్ హార్డ్‌డిస్క్ అవుతుంది. ఒక్క స్క్రూడ్రైవరు పని, పెద్ద తరగతి పిల్లలు చేసేస్తారు. ముందే ఇంటివాళ్ల ఫొటోలు వాళ్లకు తీసి ఇవ్వండి. వయసైన డిస్క్ కాబట్టి రెండో ప్రతికీ మూడో ప్రతికీ తప్ప ఏకైక ప్రతికి వాడవద్దు.

ఇలా విప్పిన లాప్‌టాప్‌లలో ఒకటి అవ్వ పెద్ద మనవడిది. తమ్ముడు మా బడిలో ఏడో తరగతి చదివే రోజుల్లో నా ఫోన్ నుంచి బ్లూటూత్‌తో రెండు పాటలు తీసుకున్నాడట. నాకు ఆ సంగతే గుర్తు లేదు. అన్న లాప్‌టాప్‌లో సినిమా పాటల ఫోల్డరులో, పేరు లేకుండా, ఉన్నాయి. ఒకటి సగంలో ఆగిపోతుంది. ఇంకొకటి పూర్తిగా ఉంది, నాలుగు నిమిషాలు.

మొదటి శనివారం దాన్ని రెండో డిస్క్‌లోకి ఎక్కించి, ఊరి పేరు, అవ్వ పేరు, సంవత్సరం ఫైలు పేరుగా టైపు చేశాం. డిస్క్ తీసుకుపోవడానికి వచ్చిన తల్లి వినాలంది. స్పీకరు పెట్టాం. ముందు కోడి అరుపు, దూరంగా బస్సు హారను. తర్వాత తిరగలి తిరగడం మొదలవుతుంది. పాట ఎత్తుకునే ముందు అవ్వ నన్ను అడుగుతుంది: "పాడేదా అయివారా?"